లూపులో కార్డ్, పాటలో షడ్జమం: సంగీత సాఫ్ట్‌వేర్‌లో కార్డుల గుర్తింపుపై ఒక సమీక్ష

కంప్యూటర్‌పై సంగీతం కూర్చేవారి వాడుకలో లూప్ అంటే చివరికి చేరగానే మళ్లీ మొదటికి వచ్చి, అతుకు తెలియకుండా తిరిగి తిరిగి మోగేలా కత్తిరించిన చిన్న ధ్వనిఖండం. అది సాధారణంగా రెండు, నాలుగు లేదా ఎనిమిది బార్ల నిడివిలో ఉంటుంది. ఎక్కువ సందర్భాల్లో ఒక్కో బార్‌కు నాలుగు బీట్లు. కార్డ్ అంటే మూడు గానీ అంతకు మించి గానీ స్వరాలు ఒకేసారి మోగి, చెవికి ఒకే నాదంగా తోచే సమ్మేళనం. ఎవరో వాయించి రికార్డు చేసిన లూపును తన పాటలోకి తెచ్చుకున్న స్వరకర్త అందులో ఏ కార్డులు ఏ క్రమంలో ఉన్నాయో ఎలా తెలుసుకోవాలన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న. పావు శతాబ్దానికి పైగా ఇంజినీర్లు, సంగీతజ్ఞులు దీనిపై పనిచేశారు, సాఫ్ట్‌వేర్లు బాగా మెరుగుపడ్డాయి, అయినా లూపుల విషయంలో జవాబు తరచూ తప్పిపోతూనే ఉంది. యంత్రాల లోపం ఇందుకు కొంతవరకే కారణం. లూపులో మోగే స్వరాలను పట్టుకోవడం ఒక పని, ఆ స్వరాలకు కార్డ్ పేరు పెట్టడం మరొక పని. మొదటిదానికి లూప్ ఒక్కటే చాలు. రెండోదానికి పాట ఆధార షడ్జమం ఏదో, లూప్ కింద ఏ మంద్రస్వరం నడుస్తుందో కూడా తేలాలి, ఆ రెండూ లూపులో ఉండకపోవచ్చు.

ఈ ప్రశ్న నిత్యం ఎదురయ్యే చోట్లలో బెంగళూరు తూర్పున ఉన్న మహదేవపుర ఒకటి. 2007లో బృహత్ బెంగళూరు మహానగర పాలికెలో విలీనమయ్యేదాకా విడి పురపాలక సంఘంగా ఉన్న ఈ ప్రాంతం, ఔటర్ రింగ్ రోడ్డు వెంబడి, వైట్‌ఫీల్డ్ వైపు ఐటీపీఎల్ టెక్ పార్కు దాకా వెలసిన కార్యాలయాల వల్ల ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగులకు పెద్ద నివాసస్థలమైంది. 2023 మార్చిలో కృష్ణరాజపురం, వైట్‌ఫీల్డ్‌ల మధ్య మెట్రో మొదలయ్యాక గరుడాచార్‌పాళ్య, హూడి, కుందలహళ్లి వంటి పేటలు ఒకే మార్గంలోకి వచ్చాయి. ఇటువంటి చోట ఇంట్లో పాట కట్టే తెలుగువారి సామగ్రి ల్యాప్‌టాప్, హెడ్‌ఫోన్లు, రెండు స్థాయిల చిన్న కీబోర్డు, ఒక ఆడియో ఇంటర్‌ఫేస్. చదువు విషయానికి వస్తే, చిన్నప్పుడు సరళీ జంట వరసలు నేర్చి ఆపేసినవారూ, కాలేజీలో గిటార్ పట్టి కార్డుల పేర్లు మాత్రం తెలుసుకున్నవారూ ఎక్కువ. ఒకరికి స్వరం తెలుసు, కార్డ్ తెలియదు. మరొకరికి కార్డ్ తెలుసు, శ్రుతి మీద స్వరం నిలపడం తెలియదు. వాద్యబృందాన్ని పిలిపించే స్తోమత ఇద్దరికీ ఉండదు కనుక ఇద్దరూ లూపుల మీదే ఆధారపడతారు.

కార్డ్ తెలియకపోతే వచ్చే నష్టం ఎలా ఉంటుందో ఒక ఉదాహరణతో చూడాలి. సి స్వరాన్ని షడ్జమంగా పెట్టుకుని మోహన రాగంలో పల్లవి కట్టారనుకుంటే, అందులో స రి గ ప ద, అంటే సి, డి, ఇ, జి, ఎ అనే అయిదు స్వరాలే ఉంటాయి. దాని కింద వేయడానికి సి మేజర్, జి మేజర్, ఎ మైనర్, ఎఫ్ మేజర్ అనే నాలుగు కార్డుల లూపును తెచ్చారనుకుందాం. మార్కెట్‌లో ఈ వరస లెక్కలేనన్ని లూపుల్లో ఉంది. జి మేజర్‌లో బి ఉంది, అది కాకలి నిషాదం. ఎఫ్ మేజర్‌లో ఎఫ్ ఉంది, అది శుద్ధ మధ్యమం. మోహనంలో వర్జ్యమైన రెండు స్వరాలూ లూప్ ద్వారా పాటలోకి వచ్చేస్తాయి. గాయని తారషడ్జమం మీద నిలిచినప్పుడు జి మేజర్ పడితే సి, బి ఒకదానికొకటి అరస్వరం దూరంలో రాసుకుంటాయి. గాంధారం మీద నిలిచినప్పుడు ఎఫ్ మేజర్ పడితే ఇ, ఎఫ్ అలాగే రాసుకుంటాయి. పాడేవారికి ఎక్కడో శ్రుతి తప్పినట్టు తోస్తుంది, తప్పు గొంతుదనుకుంటారు. నిజానికి మోహనం అయిదు స్వరాలలో పూర్తిగా దొరికే మూడు స్వరాల కార్డులు రెండే: సి మేజర్, ఎ మైనర్. లూపులో ఏముందో ముందే తెలిస్తే ఆ రెండు బార్లనే కత్తిరించి వాడుకోవచ్చు, లేదా రాగం సడలినా ఫరవాలేదని తెలిసి తెలిసే ముందుకు పోవచ్చు. తెలియకుండా జరగడమే నష్టం.

లూపుల చరిత్రను క్లుప్తంగా చెప్పుకోవచ్చు. స్వీడన్‌కు చెందిన ప్రొపెల్లర్‌హెడ్ సంస్థ 1994లో తెచ్చిన రీసైకిల్ ధ్వనిఖండాన్ని ముక్కలుగా కోసి లయ మార్చుకునే వీలు కల్పించింది. బెల్జియంలో 1997లో పుట్టిన ఫ్రూటీలూప్స్ తరవాత ఎఫ్ఎల్ స్టూడియోగా మారి మన దేశంలో ఇంటింటి స్టూడియోలకు మొదటి మెట్టయింది. 1998లో వచ్చిన యాసిడ్ లూపుల లయనూ స్థాయినీ పాటకు తగ్గట్టు తనంతట తానే మార్చసాగింది. 2004లో ఆపిల్ గ్యారేజ్‌బ్యాండ్ లూపులను సంగీతం బొత్తిగా రానివారి చేతికి కూడా అందించింది. ఈ వ్యాసానికి ముఖ్యమైన విషయం ఫైలులో ధ్వనితో పాటు దాచే సమాచారం. యాసిడ్ పద్ధతి ఫైలులో మూలస్వరం ఒకటి రాసి ఉంటుంది. ఆపిల్ లూపులలో మూలస్వరంతో పాటు మేజర్, మైనర్, రెండూ కాదు, రెంటికీ పనికొస్తుంది అనే నాలుగు గుర్తుల్లో ఒకటి ఉంటుంది. అంటే లూప్ మొత్తానికి ఒకే చీటీ. లోపల నాలుగు కార్డులు మారినా ఆ చీటీ వాటిని చెప్పదు, ‘సి’ అని రాసి ఉన్న లూప్ ఎఫ్ మేజర్‌తో మొదలైనా ఆశ్చర్యం లేదు.

లూపులు రెండు జాతులని ఇక్కడే గుర్తు చేయాలి. మిడి లూపులో ధ్వని ఉండదు, ఏ స్వరం ఎప్పుడు నొక్కాలి, ఎంతసేపు పట్టి ఉంచాలి, ఎంత బలంగా కొట్టాలి అనే ఆదేశాలే ఉంటాయి. దాన్ని పియానో రోల్ అనే గడుల పటంలో తెరిస్తే స్వరాలన్నీ కళ్లకు కనిపిస్తాయి, గుర్తింపు సమస్య చాలావరకు పేరు పెట్టే సమస్యగా మిగిలిపోతుంది. ఆడియో లూప్ అలా కాదు. అందులో ఉన్నది గాలి కంపనాల నమోదు మాత్రమే, స్వరాలను దాని నుంచి రాబట్టాలి. ఇక్కడి నుంచి వ్యాసం ప్రధానంగా ఆడియో లూపుల గురించే.

ఆడియో నుంచి కార్డును రాబట్టే పద్ధతికి పునాది 1999లో జపాన్ పరిశోధకుడు తకుయా ఫుజిషిమా వేశాడు. ధ్వనిని చిన్న చిన్న కాలఖండాలుగా విడగొట్టి, ఒక్కో ఖండంలో ఏ పౌనఃపున్యం ఎంత బలంగా ఉందో ఫూరియే గణితంతో లెక్కగట్టి, అన్ని స్థాయిల్లోని సి స్వరాలను ఒక గదిలో, అన్ని డి స్వరాలను మరొక గదిలో పోస్తూ మొత్తం పన్నెండు గదులు నింపడం ఆ పద్ధతి. మంద్ర, మధ్య, తార భేదం చెరిపివేసి పన్నెండు స్వరస్థానాల బలాబలాలను మాత్రమే చూపే ఈ పటానికే తరవాత క్రోమాగ్రామ్ అనే పేరు స్థిరపడింది. పన్నెండు స్వరస్థానాల లెక్క మీదే వేంకటమఖి 17వ శతాబ్దంలో 72 మేళకర్తల పథకం నిర్మించాడు కనుక, కర్ణాటక సంగీతం నేర్చినవారికి ఈ గదులు కొత్తగా తోచవు. సి, ఇ, జి గదులు నిండితే సి మేజర్, సి, ఇ ఫ్లాట్, జి నిండితే సి మైనర్ అని ముందే తయారుచేసుకున్న నమూనాలతో పోల్చి, దగ్గరగా ఉన్నదాని పేరు యంత్రం చెబుతుంది.

ఈ లెక్కలో ఒక భౌతికమైన ఇబ్బంది ఉంది, అది లూపులను నేరుగా తాకుతుంది. సెకనుకు 44,100 నమూనాలతో రికార్డయిన ధ్వనిలో 4,096 నమూనాల ఖండాన్ని తీసుకుంటే దాని నిడివి సుమారు 93 మిల్లీసెకన్లు, అది వేరు చేయగల పౌనఃపున్యాల మధ్య దూరం సుమారు 10.8 హెర్ట్జ్. మధ్యస్థాయిలో 440 హెర్ట్జ్ దగ్గర ఉన్న ఎ, దాని పై అరస్వరం మధ్య 26 హెర్ట్జ్ ఎడం ఉంటుంది కనుక ఇబ్బంది లేదు. మంద్రంలో గిటార్ అడుగు తీగ ఇ 82.4 హెర్ట్జ్, పక్కన ఎఫ్ 87.3 హెర్ట్జ్, మధ్య ఎడం అయిదు హెర్ట్జ్ కూడా లేదు. వాటిని విడదీయాలంటే ఖండం నిడివిని 16,384 నమూనాలకు, అంటే సుమారు 370 మిల్లీసెకన్లకు పెంచాలి, అప్పుడు వేగంగా మారే కార్డులు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. జుడిత్ బ్రౌన్ 1991లో ప్రతిపాదించిన పద్ధతి కింది స్వరాలకు పొడవైన ఖండం, పై స్వరాలకు పొట్టి ఖండం వాడి ఈ చిక్కును కొంత సడలించింది, తొలగించలేదు. నిమిషానికి 90 బీట్ల లయలో నాలుగు బార్ల లూప్ నిడివి పదిన్నర సెకన్ల పైచిలుకు. అందులో ఒకదానిపై ఒకటి పడని పొడవైన ఖండాలు ముప్పై కూడా రావు. పూర్తి పాటలో అదే కార్డ్ వరస పల్లవిలోనూ చరణంలోనూ కొద్దికొద్ది తేడాలతో మళ్లీ మళ్లీ వస్తుంది కనుక యంత్రానికి పోల్చుకునే అవకాశం ఉంటుంది. లూపును వందసార్లు మోగించినా వచ్చేది అక్షరాలా అదే ధ్వని, కొత్త సాక్ష్యం ఏమీ చేరదు.

నమూనాలతో పోల్చే తొలి పద్ధతి మీద తరవాతి పరిశోధకులు సందర్భజ్ఞానాన్ని చేర్చారు. 2003లో అలెగ్జాండర్ షే, డేనియల్ ఎల్లిస్ హిడెన్ మార్కోవ్ మోడల్ అనే సంభావ్యతా పద్ధతిని తెచ్చారు. ఏ కార్డ్ తరవాత ఏ కార్డ్ రావడం సహజమో నేర్చుకుని, అనుమానం ఉన్నచోట ఆ సహజత్వం వైపు మొగ్గడం దాని స్వభావం. లండన్ క్వీన్ మేరీ విశ్వవిద్యాలయంలో క్రిస్టఫర్ హార్ట్ 180 బీటిల్స్ పాటల కార్డులను చేత్తో రాసి పెట్టడంతో పరిశోధకులందరికీ ఒక ఉమ్మడి కొలబద్ద దొరికింది. అక్కడే మథియాస్ మౌచ్, సైమన్ డిక్సన్ 2010లో రూపొందించిన పద్ధతి ఆధారంగా వచ్చిన కార్డినో అనే సాధనం ఇప్పటికీ ఉచితంగా దొరుకుతుంది, సోనిక్ విజువలైజర్ అనే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి ఎవరైనా వాడుకోవచ్చు. 2012 తరవాత న్యూరల్ నెట్‌వర్కులు ఈ రంగాన్ని ఆక్రమించాయి, ఫలితాలు మరికొంత మెరుగుపడ్డాయి. ఈ పద్ధతుల పరీక్షల్లో చాలాకాలం చెలామణి అయిన పదజాలం పన్నెండు మేజర్లు, పన్నెండు మైనర్లు, కార్డ్ లేదు అనే మరొక గుర్తు, మొత్తం 25. ఇంతకు మించిన కార్డ్ ఏది వచ్చినా ఈ పాతిక పేర్లలో ఒకదానిలోకి ఒదగాల్సిందే. పైగా ఈ యంత్రాలు నేర్చుకున్నది బీటిల్స్, క్వీన్, అమెరికా బిల్‌బోర్డ్ పట్టికల పాటల నుంచి; వాటికి సహజమనిపించే వరస ఆ పాటల సహజత్వమే.

యంత్రాల ఖచ్చితత్వం గురించి మాట్లాడేటప్పుడు 2019లో హెండ్రిక్ విన్సెంట్ కూప్స్, అతని సహచరులు ప్రచురించిన అధ్యయనాన్ని విస్మరించరాదు. వారు 50 పాటలను నలుగురు నిపుణులకు ఇచ్చి విడివిడిగా కార్డులు రాయించారు. మేజర్, మైనర్ వరకే చూసినా నిపుణుల మధ్య సగటు ఏకీభావం 73 శాతమే, సంక్లిష్టమైన కార్డులను కలిపితే 54 శాతమే. శిక్షణ పొందిన చెవులే విడిపోతున్న చోట యంత్రానికి సరైన జవాబు ఒక్కటే ఉంటుందని అనుకోవడం పొరపాటు. ఈ రంగంలో వచ్చిన అన్ని ఫలితాలలో స్వరకర్తకు అత్యంత ఉపయోగకరమైనది ఇదే అనిపిస్తుంది, ఎందుకంటే చర్చను యంత్రం సామర్థ్యం నుంచి ప్రశ్న స్వభావం వైపు తిప్పుతుంది.

ప్రశ్న స్వభావాన్ని అర్థం చేసుకోవడానికి సి, ఇ, జి, ఎ అనే నాలుగు స్వరాలను మీటే ఒక చిన్న లూప్ చాలు. అడుగున మంద్రస్వరం లేకుండా ఆ లూప్ ఒక్కదాన్నే యంత్రానికి ఇస్తే అది సి సిక్స్త్ అని చెప్పవచ్చు, ఎ మైనర్ సెవెంత్ అనీ చెప్పవచ్చు. రెండు పేర్లలోనూ ఉన్న స్వరాలు అవే కనుక రెండూ తప్పు కావు. కింద సి మంద్రస్వరం వేస్తే అది మంగళకరమైన సి సిక్స్త్ అవుతుంది. ఎ వేస్తే కొంచెం బరువెక్కి ఎ మైనర్ సెవెంత్ అవుతుంది. ఎఫ్ వేస్తే అవే నాలుగు స్వరాలు ఎఫ్ మేజర్ నైన్త్‌లో పై అంతస్తులవుతాయి. లూపులో ఒక్క నమూనా కూడా మారలేదు, కార్డ్ మాత్రం మూడుసార్లు మారింది. అమ్మకానికి వచ్చే పియానో, గిటార్, సింథ్ లూపుల్లో చాలావాటిని కొనేవారు తమ బేస్ తాము వేసుకుంటారన్న ఉద్దేశంతో మంద్రస్వరం తీసేసి తయారుచేస్తారు కనుక, ఈ అస్పష్టత అరుదైన మినహాయింపు కాదు. డి, జి, ఎ స్వరాల సమ్మేళనం డి సస్‌ఫోర్ కూడా, జి సస్‌టూ కూడా. సమాన దూరాల్లో పేర్చిన డిమినిష్డ్ సెవెంత్ కార్డ్‌లో నాలుగు స్వరాలలో ఏదైనా మూలస్వరం కావచ్చు.

పాశ్చాత్య పాఠ్యపుస్తకాలు దీన్ని కార్డుల తిరగవేత అనే ప్రకరణంలో చెబుతాయి. కర్ణాటక సంగీతం నేర్చినవారి చేతిలో ఇంతకంటే సూటిగా వివరించే సాధనం అప్పటికే ఉంది, అది గ్రహభేదం. ఒక రాగంలోని స్వరాలను మార్చకుండా షడ్జమాన్ని మాత్రం మరొక స్వరం మీదికి జరిపితే వేరే రాగం వినిపిస్తుంది. మోహనం స్వరాలనే రిషభం నుంచి వింటే మధ్యమావతి, గాంధారం నుంచి హిందోళం, పంచమం నుంచి శుద్ధ సావేరి, ధైవతం నుంచి ఉదయరవిచంద్రిక. గానసభలో విద్వాంసుడు రెండు నిమిషాలు గ్రహభేదం చేసి తిరిగి వచ్చినప్పుడు శ్రోత పొందే ఆశ్చర్యానికి కారణం, లూప్ కింద బేస్ మారినప్పుడు కార్డ్ పేరు మారడానికి కారణం ఒకటే: స్వరం విలువ దాని ఆధారాన్ని బట్టి నిర్ణయమవుతుంది. ఒక తేడా మాత్రం ఉంది. కచేరీలో ఆధార షడ్జమం తంబురాలో స్థిరంగా మోగుతూనే ఉంటుంది. కార్డులతో నడిచే పాటలో ప్రతి బార్‌కూ మూలస్వరం మారుతుంది, దాని వెనక పాట మొత్తానికి ఒక షడ్జమం మారకుండా ఉంటుంది. ఈ రెండు ఆధారాలను చెవి ఏకకాలంలో పట్టుకోవాలి. స్వరజ్ఞానం ఉండి కార్డుల దగ్గర తడబడేవారి ఇబ్బంది ఇదే: వారు ప్రతి స్వరాన్నీ పాట షడ్జమం నుంచి కొలుస్తారు, కార్డ్ మాత్రం తన మూలస్వరం నుంచి కొలవమంటుంది.

యంత్రానికి దీనికి ఎదురు ఇబ్బంది ఉంది, అది కార్డ్ మూలస్వరాన్ని కొంతవరకు పట్టుకుంటుంది గానీ పాట షడ్జమాన్ని పోగొట్టుకుంటుంది. హిందోళంలో కట్టిన లూప్ ఇందుకు మంచి పరీక్ష. సి షడ్జమంగా హిందోళ స్వరాలు సి, ఇ ఫ్లాట్, ఎఫ్, ఎ ఫ్లాట్, బి ఫ్లాట్. ఈ రాగంలో పంచమం లేదు, కాబట్టి సి మైనర్ కార్డ్ అసలు కుదరదు. కుదిరే మూడు స్వరాల కార్డులు రెండే: ఎఫ్ మైనర్, ఎ ఫ్లాట్ మేజర్. షడ్జమాన్ని తేల్చడానికి స్వరాల వాటాలను మేజర్, మైనర్ నమూనాలతో సరిపోల్చే పద్ధతికి మూలం కెరొల్ క్రమ్‌హాన్స్ల్, ఎడ్వర్డ్ కెస్లర్ 1982లో పాశ్చాత్య శ్రోతల మీద చేసిన ప్రయోగాలు. ఆ నమూనాల ఎదుట హిందోళం లూప్ ఎ ఫ్లాట్ మేజర్ గానో ఎఫ్ మైనర్ గానో తేలుతుంది. ఆ చీటీని నమ్మి పాడేవారు ఎఫ్ మీద షడ్జమం పెట్టుకుంటే హిందోళం పోయి ఉదయరవిచంద్రిక వినిపించి బాణీ దారి తప్పుతుంది. మాయామాళవగౌళలోనూ ఇలాంటి చిక్కే ఉంది: సి మేజర్ పక్కనే డి ఫ్లాట్ మేజర్ పెట్టగల అరుదైన రాగమది, స గ ప ఒక కార్డ్, శుద్ధ రిషభం, మధ్యమం, శుద్ధ ధైవతం మరొక కార్డ్, పాశ్చాత్య నమూనా దీన్ని ఎఫ్ మైనర్ వైపు లాగవచ్చు. సరళీ వరసలు నేర్చిన పిల్లలు మొదటి రోజే పాడే రాగానికి సాఫ్ట్‌వేర్‌లో సరైన పేరు లేకపోవడం చిన్న లోపం కాదు.

తంబురా లూప్ విషయం ఇంకా లోతుగా చూడదగ్గది. బెంగళూరులో జి. రాజ్ నారాయణ్ 1979లో ఎలక్ట్రానిక్ తంబురాకు రూపమిచ్చినప్పటి నుంచి ఇప్పటి ఫోన్ యాప్‌ల దాకా శ్రుతి నాదం ఎక్కడైనా దొరుకుతోంది, దాన్ని లూపుగా పాట అడుగున పరచడం మామూలైంది. తంబురాలో సాధారణంగా మీటేది పంచమం, షడ్జమం మాత్రమే. అయితే ప్రతి తీగ తన అసలు పౌనఃపున్యంతో పాటు దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలుగా అనుస్వరాలను కూడా మోగిస్తుంది, జీవారి దారం వాటిని మరింత పైకి తెస్తుంది. సి తీగ మూడో అనుస్వరం జి, అయిదో అనుస్వరం ఇ. శ్రుతి బాగా కలిసిన తంబురాలో వినిపించే స్వయంభూ గాంధారం ఈ అయిదో అనుస్వరమే. జి తీగ మూడో అనుస్వరం డి, అయిదో అనుస్వరం బి. కాబట్టి రెండే స్వరాలు మీటిన లూపులో యంత్రం సి మేజర్‌నో, కొన్నిసార్లు సి మేజర్ సెవెంత్‌నో చూస్తుంది. దాని మీద సాధారణ గాంధారం ఉన్న తోడి గానీ హిందోళం గానీ పాడితే క్రోమా గదుల్లో రెండు గాంధారాలు పక్కపక్కన నిండుతాయి. స్వయంభూ గాంధారం షడ్జమానికి సుమారు 386 సెంట్ల ఎత్తులో ఉంటే కీబోర్డు గాంధారం 400 సెంట్ల ఎత్తులో ఉంటుంది, అరస్వరాన్ని వంద భాగాలు చేస్తే ఒక్కో భాగం సెంట్. తంబురా లూప్ మీద సింథ్‌తో మేజర్ కార్డ్ పట్టి ఉంచినప్పుడు వినిపించే చిన్న అలజడికి ఈ 14 సెంట్ల తేడాయే కారణం. తంబురా లూప్ వాడే పాటలో దాన్ని మ్యూట్ చేసి మిగతా ట్రాకుల కార్డులు వెతకడం మంచిది.

మన దేశపు కరెంటు కూడా కార్డ్ వాయిస్తుంది. ఎర్త్ సరిగా లేని ప్లగ్గుకు గిటార్ ఆంప్లిఫయరో ఇంటర్‌ఫేసో తగిలిస్తే వచ్చే హమ్ పౌనఃపున్యం 50 హెర్ట్జ్, అది అతిమంద్ర జి స్వరానికి 35 సెంట్లు మాత్రమే పైన ఉంటుంది. దాని అనుస్వరాలు 100, 150, 200, 250 హెర్ట్జ్ వరసగా జి, డి, జి, బి స్వరాల దగ్గర పడతాయి. అంటే ఇంట్లో రికార్డు చేసుకున్న లూప్ అడుగున వాయించని జి మేజర్ ఒకటి నిశ్శబ్దంగా నడుస్తూ ఉంటుంది, లూపులో ఖాళీ వచ్చిన ప్రతిచోటా సాఫ్ట్‌వేర్ జి అని రాస్తుంది. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్ కనుక అక్కడి హమ్ ఏ స్వరానికీ ఇంత దగ్గరగా పడదు. రికార్డు చేసిన లూపుకు ముందుగా ఈ అయిదు పౌనఃపున్యాలను సన్నని ఫిల్టర్‌తో కోసి ఆ తరవాతే విశ్లేషణకు ఇవ్వాలి. లూప్ చివరి కార్డ్ తాలూకు రివర్బ్ తోక మొదటి బీట్ మీదికి వచ్చి పడేలా కత్తిరించిన లూపుల్లోనూ ఇలాంటిదే జరుగుతుంది, మొదటి కార్డులో చివరి కార్డ్ స్వరాలు కలిసి లేని సెవెంత్‌లు, నైన్త్‌లు పుడతాయి.

గమకం సంగతి వేరే గ్రంథానికి తగినంత పెద్దది. తోడి గాంధారం రిషభం, మధ్యమాల మధ్య ఊగుతుంది, ఆ ఊగిసలాటే దాని స్వరూపం. క్రోమాగ్రామ్ మాత్రం దాన్ని మూడు గదుల్లో పంచి పోస్తుంది. వీణ, నాదస్వరం, గాత్రం లూపులకు కార్డ్ పేరు అడగడమే సరికాదు, వాటికి అడగాల్సింది షడ్జమం ఏదని. ఆ ప్రశ్న మీద గట్టి పని జరిగింది. బార్సిలోనాలోని పాంపెయు ఫాబ్రా విశ్వవిద్యాలయంలో షావియర్ సెర్రా నాయకత్వాన 2011లో మొదలైన కాంప్‌మ్యూజిక్ ప్రాజెక్టులో ఐఐటీ మద్రాసు నుంచి హేమా మూర్తి బృందం కూడా పాలుపంచుకుంది. అందులో భాగంగా 2012లో జస్టిన్ సాలమన్, సంకల్ప్ గులాటీ, సెర్రా కలిసి తంబురా నాదాన్నే సాక్ష్యంగా తీసుకుని గాయకుడి షడ్జమాన్ని కనిపెట్టే పద్ధతిని ప్రచురించారు. కార్డ్ గుర్తింపులో ఆటంకంగా కనిపించిన తంబురా ఇక్కడ దారిదీపమైంది. ఈ పరిశోధన ఫలం ఇంకా ఇంటి స్టూడియోల మెనూల్లోకి చేరలేదన్నది విచారించాల్సిన విషయం.

ప్రస్తుతం అందుబాటులో ఉన్న సాధనాలలో ఒక్కోదానికి ఒక్కో బలం. సెలెమొని సంస్థ 2009లో విడుదల చేసిన మెలొడైన్ కూర్పు కార్డ్‌లో కలిసిపోయిన స్వరాలను విడివిడి బొట్లుగా చూపగలిగింది, 2020లో వచ్చిన అయిదో కూర్పు కార్డ్ పేర్లను కూడా రాయసాగింది. పేరు కంటే దాని బొట్లే ఎక్కువ నమ్మదగ్గవి. ఏబుల్‌టన్ లైవ్ 2013 నుంచి ఆడియోలోని స్వరసమ్మేళనాన్ని మిడిగా మార్చి ఇస్తోంది, స్పాటిఫై 2022లో ఉచితంగా ఇచ్చిన బేసిక్ పిచ్ కూడా అదే పని చేస్తుంది. రెండింటిలోనూ అనుస్వరాలు స్వరాలుగా పొరబడి పైస్థాయిలో దయ్యపు స్వరాలు కనిపిస్తాయి, వాటిని చేత్తో చెరపాలి. క్యూబేస్, లాజిక్ ప్రోలలో ఉన్న కార్డ్ ట్రాక్ పాట నిర్మాణాన్ని ఒక వరసలో రాసి పెట్టుకోవడానికి మేలైనది. మెటా పరిశోధకుల డెముక్స్ వంటి సాధనాలతో లూపును ముందు డ్రమ్స్, బేస్, మిగతా వాద్యాలుగా విడగొట్టి, బేస్ ముక్కను విడిగా విశ్లేషించడం ఇప్పుడున్న మార్గాలన్నిటిలో మెరుగైనది. మంద్రస్వరం తేలితే సగం అస్పష్టత అక్కడే పోతుంది.

అయినప్పటికీ చివరి పరీక్ష చెవిదే, దానికీ ఒక క్రమం ఉంది. ముందు పాట షడ్జమాన్ని శ్రుతి యాప్‌లో పెట్టుకుని నోటితో పట్టి ఉంచాలి; గాయని అయిదున్నర శ్రుతి అంటే జి షార్ప్ షడ్జమం, సి లో ఉన్న లూపును నాలుగు అరస్వరాలు దించి ఆ శ్రుతికి తెచ్చాకే వినడం మొదలుపెట్టాలి. తరవాత బేస్ వెతకాలి. ల్యాప్‌టాప్ స్పీకర్లలో వంద హెర్ట్జ్ కింద దాదాపు ఏమీ వినబడదు కనుక లూపును ఒక స్థాయి పైకి జరిపితే మంద్రస్వరం చెవికి అందుతుంది. ప్రతి బార్ మొదటి బీట్ దగ్గర ఆపి, ఆ మంద్రస్వరం పాట షడ్జమం నుంచి సయా, మయా, పయా, దయా అని తేల్చుకోవాలి. ఆ తరవాత ఒక్క క్షణం ఆ మంద్రస్వరాన్నే షడ్జమంగా ఊహించి, దాని మీద అంతర గాంధారం, సాధారణ గాంధారం రెండూ పాడి చూస్తే ఒకటి లూపులో కరిగిపోతుంది, మరొకటి నిలువునా బయటికి పొడుచుకువస్తుంది. కరిగినది అంతర గాంధారమైతే మేజర్, సాధారణ గాంధారమైతే మైనర్. రెండూ పొడుచుకువచ్చి మధ్యమమో రిషభమో కరిగితే అది సస్ కార్డ్. నిషాదాన్నీ ఇలాగే పరీక్షించవచ్చు. గమకం లేకుండా ఒక స్వరం మీద నిలకడగా నిలవగల ఎవరికైనా ఈ పరీక్ష సాధ్యమే, సరళీ వరసల దగ్గరే సంగీతం ఆపేసినవారి దగ్గర కూడా ఆ సామర్థ్యం ఉంటుంది.

రాగానికి కార్డులు తగిలించడం వల్ల రాగభావం చెడుతుందన్న అభ్యంతరం పాతదే, దానిలో బలమూ ఉంది. వర్జ్యస్వరాన్ని నొక్కి చెప్పే కార్డ్ రాగాన్ని చెరుపుతుంది, గమకాన్ని నిలువనివ్వని దట్టమైన కార్డ్ కూడా చెరుపుతుంది. కానీ త్యాగరాజుకూ బాఖ్‌కూ కలిపి అంకితమిచ్చిన ఇళయరాజా 1986 నాటి ‘హౌ టు నేమ్ ఇట్’ విన్నవారు ఇది అసాధ్యమని అనలేరు. అక్కడ ప్రతి కార్డ్‌లో ఏ స్వరం ఎందుకుందో కూర్చినవారికి తెలుసు. లూపులతో పనిచేసేవారికి ఆ ఎరుక దొరకాలంటే లూప్ చీటీ మారాలి. ఇప్పుడున్న ‘సి, మేజర్’ అనే గుర్తు స్థానంలో రెండు విడి వివరాలు ఉండాలి: బార్ వారీగా మోగే స్వరస్థానాలు ఒకటి, తయారుచేసినవారు ఉద్దేశించిన ఆధార షడ్జమం మరొకటి. ఆపిల్ పద్ధతిలో హిందోళం లూప్ ఇవాళ మైనర్ గదిలోకో, రెండూ కాదు అన్న గదిలోకో పోయి, వెతికేవారికి దొరకకుండా ఉంటుంది. కర్ణాటక రాగాల లూపులు తయారుచేసి పంచుకునేవారు కనీసం ఫైలు పేరులోనైనా రాగం, షడ్జమం, లయ, బేస్ ఉందో లేదో అన్న నాలుగు వివరాలు రాయడం మొదలుపెడితే, ఏ కొత్త సాఫ్ట్‌వేరూ అవసరం లేకుండానే ఈ పని రేపటి నుంచే సాధ్యం.